అడవికి పోవువాని కత్తి: ఎన్నికలో గమనింపవలసిన విషయములు

నల్లమల కొండల తూర్పు వాలున నున్న గ్రామములలో తెల్లవాఱుజామున ఒక దృశ్యము నిత్యము కనబడును. గొఱ్ఱెల కాపరి దోటిని భుజమున వేసికొని మందను తోలుకొని పోవును. చెంచు కుటుంబము తేనెకో, కుంకుళ్ళకో, తపసి బంకకో బయలుదేఱును. వంటచెఱకుకై పోవు స్త్రీలు త్రాళ్ళు చుట్టుకొని గుంపుగా నడచుదురు. వీరి వృత్తులు వేఱు, తోవలు వేఱు. కాని అందఱి నడుముననో, బుట్టలోనో తప్పక ఉండు వస్తువు ఒక్కటి కలదు. అది కత్తి.

ఊరిలో కత్తి విఱిగినచో ప్రక్కయింట అడిగి తెచ్చుకొనవచ్చును. అడవిలో ఆ వీలు లేదు. ముండ్లకంపలో చిక్కిన మేకను విడిపింపవలెనన్నను, వానకు తడిసిన పుల్లను చెక్కి లోపలి పొడికఱ్ఱతో నిప్పు రాజవేయవలెనన్నను, కాలు విఱిగిన తోటివానిని మోసికొని వచ్చుటకు రెండు వాసములు నఱికి డోలీ కట్టవలెనన్నను చేతనున్న ఆ ఒక్క కత్తియే ఆధారము. అట్టి సమయమున పిడి ఊడిపోయినను, అలుగు విఱిగినను కలుగునది కేవలము ఐదారు వందల రూపాయల నష్టము కాదు. మనిషి ప్రాణము మీదికి వచ్చును.

ఈ విషయము గ్రామ పంచాయతీ సభ్యులకు ఏల అని కొందఱు తలంపవచ్చును. దీనికి మూడు కారణములు కలవు. మొదటిది: ఆంధ్రప్రదేశమున 1992 నుండి ఉమ్మడి అటవీ యాజమాన్య పద్ధతిని వన సంరక్షణ సమితులు ఏర్పడినవి. అట్టి సమితులు, పొదుపు సంఘములు, పంచాయతీలు పనిముట్లను ఒక్కసారిగా పదులకొలది కొనునపుడు, ఎన్నిక తప్పినచో తప్పు ఒక్క ఇంటితో పోదు. రెండవది: చెడ్డ కత్తివలన తగిలిన గాయమునకు మొట్టమొదట పరుగెత్తి రావలసినది గ్రామ పెద్దలే. మూడవది: అభయారణ్యములో కత్తి పనిముట్టుగా కాక ఆయుధముగా పరిగణింపబడు సందర్భములు కలవు. ఈ సంగతి తెలియక చిక్కులలో పడిన అమాయకునికి దారి చూపవలసినవారును వారే.

పని యేదో ముందు తెలియవలెను

అన్ని పనులకును తగిన కత్తి లోకములో లేదు. కనుక కొనుటకు ముందు దానితో చేయవలసిన పని యేదో నిర్ణయించుకొనవలెను.

అగ్నిరేఖలు తీయుటకు, సర్కారు తుమ్మ కంపను కొట్టుటకు మచ్చుకత్తి కావలెను. దాని బలమంతయు బరువులో నున్నది. ముందుభాగము బరువుగా నుండి, మొన లోపలికి వంగియున్నచో దెబ్బకు కొమ్మ జాఱిపోదు. మేకలకు ఆకు దింపుటకు దోటి కావలెను. చెట్టెక్కనక్కఱలేకుండ క్రిందనుండియే పని జరుగును. తపసి చెట్టు నుండి బంక తీయుటకు చిన్న వంకర మొన గల పదునైన పనిముట్టు కావలెను. గొడ్డలితో లోతుగా గాటు పెట్టినచో బంక ఆ ఏడు కాఱును గాని చెట్టు క్రమముగా ఎండిపోవును. చిన్న గాటు పెట్టి, మానుటకు వ్యవధి నిచ్చినచో అదే చెట్టు ఏండ్లకొలది బంక నిచ్చును. తగని పనిముట్టు మనిషి చేతినే కాదు, మనిషి జీవనాధారమును కూడ కోయునని దీనివలన తెలియుచున్నది.

వీటన్నిటికిని తోడుగా నడుమున పెట్టుకొనదగిన చిన్నకత్తి యొకటి ప్రతివానికిని అవసరము. త్రాడు కోయుట, పుల్ల చెక్కుట, తేనెపట్టును కోయుట, ముల్లు తీయుట మొదలగు నూఱు చిన్న పనులు దానివలననే జరుగును. ఆపదలో ఆదుకొను కత్తి యనగా ముఖ్యముగా ఇదియే. ఈ వ్యాసమున చెప్పబడు లక్షణములు ఎక్కువగా దీనికి సంబంధించినవి. మచ్చుకత్తికిని ఇందు పెక్కు వర్తించును.

ఉక్కు సంగతి

చూచుటకు ఇనుమంతయు ఒక్కటిగనే యుండును. గుణమును నిర్ణయించునది దానిలో కలసియున్న కర్బనము, అనగా బొగ్గు పదార్థము. కిటికీ చువ్వలు, తలుపు గడియలు చేయు మెత్తని ఇనుములో కర్బనము నూటికి పావువంతు లోపుగానే యుండును. దానిని ఎంత కాచి ముంచినను తగినంత గట్టిపడదు. అట్టి కత్తి నాటినాటికి మొద్దుబాఱును. ఆకురాయిలో కర్బనము నూటికి ఒక వంతునకు మించియుండును. అది మిక్కిలి గట్టిది. కాని పెళుసు. రాతిపై పడినచో విఱుగును. ఈ రెంటి నడుమ, నూటికి అరవంతు మొదలు ముప్పాతిక వంతు వఱకు కర్బనము గల ఉక్కు మొఱటు పనిచేయు కత్తికి తగినది.

లారీల కమాను పట్టీలు ఈ తరగతికి చెందినవి. వాటిలో కర్బనము సుమారు నూటికి అరవంతు మొదలు 0.6 వఱకు నుండును. పల్లె కమ్మరి వాటిని ఏరుకొనుట ఊరక కాదు. అయితే ఒక హెచ్చరిక. ఏండ్లకొలది బరువు మోసిన పట్టీలలో కంటికి కనబడని సన్నని పగుళ్ళు ఏర్పడియుండవచ్చును. ఆ పగులు కత్తిలోనికి వచ్చినచో ఎప్పుడో యొకనాడు ఆ చోటనే విఱుగును. కావున విఱిగిన పట్టీలోని విఱుపు దాపు ముక్కను విడిచిపెట్టవలెను. మిగిలిన ముక్కను తీగకు వ్రేలాడదీసి సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. గంటవలె నిలిచి మ్రోగినచో మంచిది. పగిలిన కుండవలె చప్పగా మ్రోగినచో పనికిరాదు.

సానచక్రము గల చోట మఱియొక పరీక్ష కలదు. మెత్తని ఇనుమును చక్రమునకు తాకించినపుడు రవ్వలు పొడవైన గీతలుగా పోవును. వాటిలో చీలికలు తక్కువ. కర్బనము ఎక్కువ గల ఉక్కు రవ్వలు చివర చిచ్చుబుడ్డి పువ్వులవలె చిటిలి విచ్చుకొనును. దీనిని ఒక్కసారి చూచినవాడు మఱల మోసపోడు.

తుప్పు పట్టని ఉక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులు కూడ అంగళ్ళలో విరివిగా లభించును. వాటిలో క్రోమియము అను లోహము నూటికి పదిన్నర వంతులకు తక్కువ కాకుండ కలసియుండును. అందువలన తుప్పు దరిచేరదు. సముద్రతీరపు గ్రామములకు, చేపల పనివారికి అవి అనుకూలములు. కాని వాటిలో చౌకరకములు పదును నిలుపవు. మంచిరకములు పదును నిలిపినను ఇంటిరాతిపై నూఱుట కష్టము. ఎండలు మెండుగను, వానలు కొద్దిగను ఉండు మార్కాపురం, గిద్దలూరు సీమలలో తుప్పు అంత పెద్ద శత్రువు కాదు. తుడిచి చుక్క నూనె రాచినంతలో కర్బనపుటుక్కు కత్తి తరతరములు నిలుచును.

ఉక్కు విషయమున తెలుగువారు ఒకరివద్ద నేర్చుకొనవలసినవారు కారు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనిపోవుటకు పారశీక వర్తకులు అంతదూరము నుండి వచ్చెడివారు. డాక్టరు వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పద్ధతిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832లో అచ్చయ్యెను. అంతకు పూర్వమే, 1795లో, జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు లండను రాయల్ సొసైటీ పత్రికలో దక్షిణ భారతపు ఉక్కును గుఱించి వ్యాసము ప్రకటించెను. విద్యుచ్ఛక్తి పరిశోధనలచే లోకప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే కూడ 1819లో దీనిని పరీక్షించెను. లోకమునకు ఉక్కు నిచ్చిన నేలలో నాసి ఇనుపముక్కను కత్తియని కొనుట కమ్మరి వీధిలో సూదులమ్మినదానికంటె వింతయైన విషయము.

కొలిమిలో జరుగునది

మంచి ఉక్కు దొరకినంత మాత్రమున మంచి కత్తి కాదు. అది కొలిమిలో తయారు కావలెను. కొనువాడు కమ్మరి పని చేయనక్కఱలేదు గాని, ఆ పనిలోని మర్మము తెలిసియున్నచో తగిన ప్రశ్న వేయగలడు.

అలుగును రూపునకు సాగగొట్టిన తరువాత కమ్మరి దానిని మరల ఎఱ్ఱగా కాచును. ఎంత కాచవలెను? అయస్కాంతమును దాపునకు చేర్చినపుడు కాలిన ఉక్కు దానికి అంటుకొనకుండునంత. అది సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు. అక్కడినుండి ఇంకను కొంచెము కాచి, వెంటనే ముంచవలెను. మెల్లగా చల్లాఱినచో ఉక్కులోని కర్బనము విడివడి ఉక్కు మెత్తబడును. ఒక్కసారిగా చల్లాఱినచో కర్బనము లోపలనే బందీయై ఉక్కు గట్టిపడును. కమాను పట్టీ ఉక్కును చన్నీటిలో ముంచినచో పగులుటకు అవకాశము మెండు. గోరువెచ్చని నూనెలో ముంచుట క్షేమము.

ఇంతటితో పని ముగియలేదు. ఇట్లు గట్టిపడిన అలుగు గాజువలె పెళుసుగా నుండును. దానిని శుభ్రముగా తుడిచి, ఒక ప్రక్క మెఱయునట్లు రుద్ది, సన్నసెగపై మరల కాచవలెను. అప్పుడు మెఱయు భాగముపై రంగులు వరుసగా నడచును. మొదట లేత గోధుమవన్నె, సుమారు 230 డిగ్రీలు. పిమ్మట కపిలవర్ణము, సుమారు 260. ఆపై వంగపండు చాయ, సుమారు 280. తరువాత నీలము, సుమారు 300. క్షౌరపు కత్తికి గోధుమవన్నె చాలును. చిన్నకత్తికి కపిలవర్ణము తగును. దెబ్బకోర్చు మచ్చుకత్తికి వంగపండు చాయ వఱకు పోవలెను. వెన్ను భాగము నీలము వఱకు కాగినచో మఱియు మంచిది. అంచు గట్టిగను, వెన్ను సాగునట్లును ఉండును.

ఈ రెండవ కాపుడు లేకుండ అమ్మబడు కత్తులు సంతలలో కలవు. అవి క్రొత్తలో చక్కగా కోయును. ఒకనాడు ఎండిన చండ్ర కొమ్మను కొట్టగానే అంచు పలుపలుగా ఎగిరిపోవును. ఎగిరిన తునుక కంటిలో పడినచో చూపు పోవును. కావున కమ్మరిని అడుగవలసిన మొదటి ప్రశ్న, “ముంచిన తరువాత సెగపై మరల కాచితివా?” అనునది. పని తెలిసినవాడు ఈ ప్రశ్నకు సంతోషించును.

ఆకారము, కొలతలు

నడుమున పెట్టుకొను చిన్నకత్తి అలుగు నాలుగు మొదలు ఐదు అంగుళముల పొడవుండుట మేలు. అంతకు పెద్దదైనచో మొన అదుపులో నుండదు. అంతకు చిన్నదైనచో లావుపాటి పుల్లను చీల్చుటకు చాలదు. వెడల్పు అంగుళము పైన కొంచెము, వెన్ను దళసరి మూడు మొదలు నాలుగు మిల్లీమీటర్లు సరిపోవును. మిక్కిలి దళసరియైన కత్తి చూచుటకు గంభీరముగా నుండును గాని కోయుటకు పనికిరాదు. అది కోయుటకు బదులు చీల్చుచుండును.

అంచు ఒకే ప్రక్కకు ఉండవలెను. రెండు వైపులను పదునున్న బాకు పనిమంతుని కత్తి కాదు. వెన్నుపై బొటనవ్రేలు మోపి నొక్కుటకు గాని, వెన్నును కఱ్ఱతో కొట్టి మొద్దు చీల్చుటకు గాని బాకు పనికిరాదు. రంపపుపండ్ల వెన్ను, డొల్లపిడిలో దాచిన అగ్గిపుల్లలు మొదలగు అలంకారములతో “ఆపద్బాంధవ” కత్తులని అమ్మబడునవి సినిమాలకే అందము. డొల్లపిడిలోనికి అలుగు దిగియుండదు. గట్టిపనికి అతుకు వద్దనే విఱుగును.

పిడి, ఒఱ

కత్తి ప్రాణము పిడిలో నున్నది. అలుగు వెనుకభాగము తోకవలె పిడిలోనికి పోవును. ఆ తోక పొట్టిగా, సూదిగా నుండి లక్కతో మాత్రమే అతికింపబడినచో, మే నెల ఎండకు లక్క మెత్తబడి అలుగు కదలుటకు మొదలిడును. ఒక కాపరి మేకకు చిక్కిన తీగను బలముగా తనవైపు లాగి కోయుచున్నాడనుకొందము. పిడి చేతిలో నిలిచి అలుగు ఊడివచ్చి తొడలో దిగినచో, రోడ్డు నాలుగు మైళ్ళ దూరమున నున్నచో, ఆ లక్కముక్క వెల యెంతయో సభ్యులే ఊహింపగలరు.

కావున తోక పిడి చివర వఱకు పిడియంత వెడల్పున పోవలెను. ఇరువైపుల చెక్కలు పెట్టి కనీసము రెండు మేకులు ఆరపార దిగగొట్టి చివరలు చదును చేయవలెను. దిగవేసిన పిడియైనచో ముందు భాగమున పొన్ను తప్పక యుండవలెను. పొన్ను లేని పిడి ఎండకు నెఱియలు విచ్చును. పిడికి బాగుగా ఎండిన తుమ్మ చెక్క మంచిది. అది దెబ్బకోర్చును, చెమటకు జాఱదు. పిడిని పిడికిట పట్టినపుడు వ్రేళ్ళు అఱచేతిని కొంచెము తాకీతాకనట్లుండవలెను. స్త్రీల చేతికి పురుషుల పిడి పెద్దదగును. ఒకే కొలతతో అందఱికిని కొనుట పొదుపు కాదు.

ఒఱ లేని కత్తిని కొనరాదు. గుడ్డ చుట్టి నడుమున దోపుకొనిన కత్తి, జాఱి పడినపుడు మొదట కోయునది తన యజమానినే. గట్టితోలు ఒఱకు అంచు వైపు కుట్లకు లోపల మఱియొక తోలుపట్టీ పెట్టి కుట్టింపవలెను. లేనిచో పదును కుట్లను తెంచును. కత్తిని తలక్రిందులు చేసి విదిల్చినను ఊడిరాకుండునట్లు పిడికి ఒక వారు ఉండవలెను.

కొనుటకు ముందు పరీక్షలు

పెద్ద మొత్తమున కొనునపుడు మొదట ఒక్క కత్తిని మాత్రమే తెప్పించి పరీక్షింపవలెను. ఈ క్రింది ఆఱు ప్రశ్నలను మార్కాపురపు పలకపై వ్రాసి సభలో పెట్టుకొనదగును.

1. ఆకురాయిని అంచుపై తేలికగా తోసినపుడు లోతుగా దిగుచున్నదా? దిగినచో ఉక్కు మెత్తనిది. పూర్తిగా జాఱిపోయినచో పెళుసుకావచ్చును. జాఱుచు జాఱుచు కొంచెము పట్టుట సరియైనది.

2. అలుగును తట్టినపుడు నిలిచి మ్రోగుచున్నదా?

3. ఎండిన వెదురు కణుపును ఇరువదిమార్లు కొట్టిన తరువాత అంచును ఎండలో చూడుడు. మెఱయు చుక్కలు కనబడినచో అంచు మడతపడినదనియో, తునిగినదనియో అర్థము. మంచి అంచు వెలుగును ప్రతిఫలింపదు.

4. మొనను మ్రానులో అర అంగుళము గ్రుచ్చి ప్రక్కకు మెల్లగా వంచినపుడు వంగి మరల నిలువునకు వచ్చుచున్నదా?

5. తడిచేతితోను, నూనెచేతితోను పట్టినపుడు పిడి జాఱుచున్నదా?

6. పిడిని ఒకదినము ఎండలో ఉంచిన తరువాత అలుగు కదలుచున్నదా?

ఈ ఆఱింటను నెగ్గిన నమూనాను పంచాయతీ కార్యాలయమున భద్రపఱచి, తరువాత వచ్చు కత్తులను దానితో సరిపోల్చవలెను. నమూనా మంచిదై సరకు చెడ్డదగుట లోకములో క్రొత్త కాదు. స్థానికుడైన కమ్మరి సరసమైన ధరకు ఈ నాణ్యము ఇయ్యగలిగినచో అతనికే పని నిచ్చుట మేలు. పిడి వదులైన నాడు బాగుచేయుటకు అతడు గ్రామమునందే యుండును. వచ్చిన యంత్రపు కత్తికి ఆ దిక్కు లేదు.

కాపాడుకొను విధము

మొద్దుబాఱిన కత్తి పదునైన కత్తికంటె ప్రమాదకరము. పదును లేనపుడు మనిషి బలము చేయును. బలము చేసినపుడు కత్తి జాఱును. కావున వారమునకు ఒకసారియైనను నూఱవలెను. రాతిని తడిపి, అంచును రాతికి సుమారు ఇరువది డిగ్రీల వాలున నుంచి, రెండు వైపులను సమముగా నూఱవలెను. లంబకోణమును సగము చేసి, దానిని మరల సగము చేసినచో వచ్చునది ఇంచుమించు ఈ వాలే. మచ్చుకత్తికి వాలు మఱికొంచెము ఎక్కువగా నుంచవలెను. నీరు చల్లకుండ వేగముగా తిరుగు విద్యుత్తు సానచక్రమునకు తాకించినచో అంచు నీలివన్నెకు కాగి ఉక్కు మెత్తబడును. కమ్మరి శ్రమ అంతయు ఒక్క నిమిషములో వ్యర్థమగును.

కోయునపుడు కత్తి శరీరము నుండి దూరముగా పోవలెను. చేయి చాచి చుట్టు తిరిగినపుడు ఎవ్వరును తగులని చోటనే పనిచేయవలెను. మచ్చుకత్తి విసరునపుడు ఈ దూరము రెండింతలు కావలెను. ఒకరికి ఇచ్చునపుడు పిడి ముందుకు పెట్టి గాని, నేలపై ఉంచి గాని ఇయ్యవలెను. కత్తిని చేతికి చేయిగా ఈయరాదని పెద్దలు పెట్టిన ఆచారములో కలహ భయమే కాక క్షేమము కూడ నున్నది.

గాయము, పాముకాటు

ఎంత జాగ్రత్తగా నున్నను గాయము తగులవచ్చును. శుభ్రమైన గుడ్డను గాయముపై పెట్టి అఱచేతితో గట్టిగా నొక్కి పట్టుట మొదటి పని. మాటిమాటికి గుడ్డ తీసి చూడరాదు. తడిసినచో పైన మఱియొక గుడ్డ పెట్టి నొక్కవలెను. మన్ను, పేడ, కిరసనాయిలు, కాఫీపొడి గాయమున పెట్టరాదు. వాటివలన ధనుర్వాతము మొదలగు వ్యాధులు కలుగును. గాయము చిన్నదైనను ధనుర్వాతపు సూదిమందు విషయము ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అడిగి తెలిసికొనవలెను. 2005 నుండి మన రాష్ట్రమున నడచుచున్న 108 వాహనమును పిలుచుటకు ఆలస్యము చేయరాదు. అడవిలో ఫోను పలుకని చోట్లు కలవు గనుక ఎక్కడ పలుకునో ముందే తెలిసియుండవలెను.

పాముకాటు విషయమున ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పాము కఱచిన చోట కత్తితో గాటు పెట్టి నెత్తురు తీయుట, నోటితో పీల్చుట, త్రాడుతో బిగించి కట్టుట మూడును హానికరములు. గాటు వలన విషము బయటికి రాదు. రక్తపింజర కాటు నెత్తురు గడ్డకట్టు గుణమును చెఱచును. అట్టివానికి గాటు పెట్టినచో నెత్తురు ఆగక కాఱును. త్రాడు బిగించినచో కాలు చెడిపోవచ్చును. కఱవబడినవానిని నడిపింపక, ఆ అవయవమును కదలకుండ బద్ద కట్టి, త్వరితముగా ఆసుపత్రికి చేర్చుటయే చికిత్స. మన దేశమున తయారగు విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును పనిచేయును. ఏ పామో తెలియనక్కఱలేదు, పామును చంపి తేనక్కఱలేదు. ఇచట కత్తికి ఒక్కటే పని: మోయుటకు డోలీ కఱ్ఱలు నఱకుట.

అట్లే ఎలుగుబంటియో, చిఱుతపులియో ఎదురైనపుడు కత్తి తనను కాపాడునని ఎవ్వరును నమ్మరాదు. గుంపుగా నడచుట, మాటలాడుచు నడచుట, పొదలలో చొరకుండుట ఇవియే రక్షణ.

చట్టము చెప్పునది

1959 నాటి ఆయుధముల చట్టము క్రింద ఏర్పడిన నిబంధనలలో, తొమ్మిది అంగుళములకు మించిన పొడవు గాని, రెండు అంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగుల కత్తులు ఆయుధముల పట్టికలో చేర్పబడినవి. ఇంటిపనికి, వ్యవసాయమునకు, పరిశ్రమకు ఉద్దేశింపబడినవి ఇందు చేరవు. కావున రైతు మచ్చుకత్తి ఆయుధము కాదు. అయినను దానిని పనిలేని చోటికి, సంతకు, తిరునాళ్ళకు, తగవు జరుగు చోటికి తీసికొనిపోవుట వివేకము కాదు. వేటకొడవలికి మన సీమలలో వచ్చిన చెడ్డపేరు అందఱు ఎఱిగినదే.

అభయారణ్యములో సంగతి వేఱు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములనంటియున్న నల్లమల అడవులు చాలవఱకు నాగార్జునసాగరు శ్రీశైలము పులుల సంరక్షణ ప్రాంతమునకు చేరినవి. 1983లో ఇది పులుల సంరక్షణ ప్రణాళికలో చేర్పబడెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 31వ విభాగము ప్రకారము, ముందుగా వ్రాతమూలకమైన అనుమతి లేక ఎవ్వరును ఆయుధముతో అభయారణ్యమున ప్రవేశింపరాదు. ఆ చట్టములో ఆయుధమను మాటకు ఇచ్చిన అర్థములో తుపాకులు, విల్లంబులు, ఉచ్చులతో పాటు కత్తులు కూడ కలవు. అలుగు కొలతతో అచట నిమిత్తము లేదు.

గిద్దలూరు వైపు అడవులలో ఎఱ్ఱచందనము కూడ కలదు. దానిని దొంగిలించువారి బెడద వలన అటవీ సిబ్బంది గొడ్డలి, పెద్దకత్తి పట్టినవానిని అనుమానముతో చూచుట సహజము. ఆ అనుమానము పేదకాపరిపై పడకుండ చూచుట గ్రామ పెద్దల ధర్మము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు చిన్నతరహా అటవీ ఫలసాయమును సేకరించు హక్కును గుర్తించినది. హక్కు గుర్తింపు ప్రక్రియను ఆరంభించు అధికారము గ్రామసభదే. కాని ఆ చట్టము వేటకు హక్కు నీయలేదు. చెంచుల విషయమున శ్రీశైలములోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థను, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థను సంప్రదించి సేకరణకు తగిన పనిముట్ల విషయము ముందే తేల్చుకొనుట మంచిది.

పంచాయతీ చేయదగిన పని

పంచాయతీ ఖర్చు లేకుండనే చేయగలిగిన పనులు నాలుగు కలవు. అడవికి పోవువారెవరో, ఎందులకు పోవుదురో, ఏ పనిముట్టు వాడుదురో ఒక పుస్తకమున వ్రాయింపవలెను. కొన్న ప్రతి కత్తి వెన్నుపైనను గ్రామపు గుర్తును, సంఖ్యను కమ్మరిచే చెక్కింపవలెను. ఆ పట్టికను అటవీ రేంజి అధికారికి పంపి, అభయారణ్యమున ఏ పనికి అనుమతి కలదో, ఏ పనికి లేదో వ్రాతమూలకముగా తెలిసికొని గ్రామసభలో చదివి వినిపింపవలెను. అనుమతి లేని చోటికి కత్తి కాదు, మనిషియే పోరాదని స్పష్టముగా చెప్పవలెను.

నాలుగవది సంవత్సరమునకు ఒకసారి జరుపవలసిన పని. దసరాలో ఆయుధపూజ నాడు మన పల్లెలలో కత్తి, కొడవలి, నాగలి కడిగి పసుపు కుంకుమలు పెట్టుదురు. ఆ ముందుదినమున గ్రామపు కత్తులన్నియు ఒకచోట చేర్చి, కమ్మరిని పిలిచి, పిడులు కదలుచున్నవేమో, అలుగులు పగిలినవేమో చూపింపవచ్చును. వదులైనవి బిగింపబడును, పగిలినవి కొలిమికి పోవును. మఱునాడు పూజ నందుకొనునవి నమ్మదగిన కత్తులు మాత్రమే యగును. సాయంకాలమున అడవి నుండి దిగివచ్చు ప్రతివాడును పది వ్రేళ్ళతో ఇల్లు చేరవలెనని కోరు పంచాయతీకి ఇది పెద్ద శ్రమ కాజాలదు.